ఎనిమిది నిమిషాలకి ఆస్కార్ ఇవ్వొచ్చా?

"జూడీ డెంచ్‌కి ఎనిమిది నిమిషాల పాత్రకి ఆస్కార్ ఇవ్వడం న్యాయమేనా?" అని అడిగారు.

న్యాయమే. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' సినిమాలో ఎలిజబెత్ రాణిగా ఈ బ్రిటిష్ నటి కనిపించేది ఆ కాసేపే, 1999లో అవార్డు అందుకుంటూ ఆ నిమిషాల మీద తనే జోకేసింది కూడా. కానీ దాని వెనక 1957లో లండన్ ఓల్డ్ విక్‌ నాటకబృందంలో ఒఫీలియా వేషంతో మొదలైన నలభై ఏళ్ళ స్టేజి ఉంది. మనలో చాలామందికి ఆవిడంటే జేమ్స్ బాండ్‌ని గదిమే బాస్ 'ఎం', అంతే. ఆ వేషం మొదటిసారి తెరమీదకొచ్చింది 1995లో, అప్పటికి ఆవిడకి అరవై. మన సినిమాల్లో అరవై దాకా ఎందుకు, నలభై దాటితే చాలు, హీరోకి అన్నం వడ్డించి కొంగుతో కళ్ళు తుడుచుకోమంటారు.

నాకు మాత్రం ఆవిడ గొప్పతనం ఆస్కార్ వల్ల తెలియలేదు. హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్లో యూకే ప్రాసెస్‌లో, అంటే బ్రిటన్ కస్టమర్ల ఫోన్లు తీసే పనిలో, మూడేళ్ళు చేశాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి లాగిన్, రాత్రి పదిన్నరకి క్యాబ్. ఒకరోజు ఒక పెద్దావిడ బిల్లు గురించి ఫోన్ చేసింది. కనెక్షన్ భర్త పేరు మీద ఉంది. ఖాతాదారుతోనే మాట్లాడాలి మేడమ్ అన్నాను, స్క్రిప్టులో అదే ఉంది మరి. ఆయన పోయారని చెప్పింది. నేను ఒక్క క్షణం ఆగి, సారీ చెప్పి, మళ్ళీ అదే వాక్యం చదివాను. అవతల కప్పు సాసర్ మీద పెట్టిన చప్పుడు వినిపించింది, తర్వాత లైన్ కట్. ఆ కాల్‌కి, మా కాల్స్ విని మార్కులేసే క్వాలిటీ వాళ్ళు నాకు మంచి స్కోరే వేశారు!

ఏళ్ళ తర్వాత ఒక ఆదివారం 'ది బెస్ట్ ఎగ్జోటిక్ మారిగోల్డ్ హోటల్' పెట్టుకుంటే మొదట్లోనే అదే కాల్. భర్త పోయిన ఎవెలిన్‌గా జూడీ డెంచ్, అవతల ఖాతాదారుని పిలవమంటున్న కాల్ సెంటర్. ఆవిడ పెద్దగా చేసేదేమీ లేదు, ఫోన్ పట్టుకుని మాట్లాడుతుంది, అంతే. నేను పాజ్ చేసి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. తర్వాత అదే ఎవెలిన్ జైపూర్ కాల్ సెంటర్లో చేరి, ముసలివాళ్ళతో ఎలా మాట్లాడాలో పిల్లలకి నేర్పుతుంది. మాకు నేర్పిందల్లా యాక్సెంట్. రెండు వారాలపాటు నాలుక తిప్పించారు, పోయినవాళ్ళ సంగతి వస్తే ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జూడీ డెంచ్ భర్త మైకేల్ విలియమ్స్, ఆయనా నటుడే, 2001లో పోయారు. దానికి తోడు కళ్ళు మసకబారుతున్నాయని 2012లో తనే బయటపెట్టింది, స్క్రిప్టు ఎవరో చదివి వినిపిస్తే డైలాగులు పట్టుకునేది. అలా విని పట్టుకోవడం స్టేజి మీద నలిగినవాళ్ళకే చేతనవుతుందని నా నమ్మకం, కాదంటే కామెంట్లలో కొట్టుకుందాం. దయచేసి తెలుగు డబ్బింగ్‌లో మాత్రం చూడకండి, అసలు విషయమంతా ఆ గొంతులోనే ఉంది.

ఇక ఎనిమిది నిమిషాలంటారా, ఆ పెద్దావిడ నాతో మాట్లాడింది మూడు నిమిషాలు కూడా లేదు. మర్నాడు కాల్ రిపోర్టులో చూశాను.