ఇంట్లో తరచూ ఒక ఫేజ్ పోతోంది. ఫ్రిజ్, మోటార్ కాలకుండా ఏం పెట్టించాలి?

త్రీ ఫేజ్ కనెక్షన్, తరచూ ఒక ఫేజ్ పోతోంది, ఒకసారి ఫ్రిజ్ కాలిపోయింది, స్టెబిలైజర్ పెడితే సరిపోతుందా, బోరు మోటార్ సంగతేంటి అని అడిగారు. మాదీ పల్లెలో త్రీ ఫేజ్ ఇల్లే, పొలంలో బోరూ ఉంది. ఈ బాధలన్నీ చూసినవాణ్నే.

ఇంటికి వచ్చే ఒక ఫేజ్ పూర్తిగా పోతే దాని మీదున్న సామాను ఆగిపోతుంది తప్ప కాలదు. అసలు ప్రమాదం మనం అలవాటుగా 'ఫేజ్ పోయింది' అనేసే మరో రెండు సందర్భాల్లో ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 కేవీ వైపు, అంటే 11 వేల వోల్టుల లైన్ వచ్చే వైపు, ఒక ఫ్యూజ్ పోయిందనుకోండి. ఇంట్లో ఒక ఫేజ్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి, మిగతా రెండింట్లో సగమే, అంటే 115 దరిదాపుల్లో వస్తుంది. ఫ్యాన్ ఈడుస్తూ తిరుగుతుంది. కరెంటు ఉంది కదా అని మనం ఊరుకుంటాం. ఈలోపు ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ కాలేక మూలుగుతూ, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. మీ ఫ్రిజ్ ఇలాగే పోయి ఉండొచ్చు.

దీనికంటే దారుణం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగడం. ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య ఉండేది 415 వోల్టులు. న్యూట్రల్ లేకపోతే ఒక ఫేజ్ మీది సామాను, ఇంకో ఫేజ్ మీది సామాను కలిసి ఆ 415ని పంచుకుంటాయి. లోడ్ ఎక్కువున్న చోట వోల్టేజ్ పడిపోతుంది, ఒక్క టీవీయో చార్జరో ఉన్న చోట 300 దాటేస్తుంది. ఒకసారి గాలివానకి మా వీధి స్తంభం మీద న్యూట్రల్ జాయింట్ ఊడింది. వంటింట్లో బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది, హాల్లో ట్యూబ్‌లైట్ మాత్రం వెలగనే లేదు. వెంటనే మెయిన్ ఆపేశాను. పక్కింట్లో ఎవరూ చూసుకోలేదు పాపం. టీవీ, సెట్‌టాప్ బాక్స్, ప్లగ్గులో ఉన్న సెల్ చార్జర్లు అన్నీ పోయాయి.

బోర్డులో ఉండే ట్రిప్ స్విచ్ (ఎంసీబీ) దీన్ని ఆపదు, దానికి తెలిసింది కరెంటు ఎంత పారుతోందన్నదే. సర్జ్ ప్రొటెక్టర్ క్షణంలో వచ్చిపోయే పోటుకి పనికొస్తుంది, నిమిషాల తరబడి 350 వోల్టులుంటే అదే కాలిపోతుంది. హై వోల్టేజ్ కటాఫ్ లేని స్టెబిలైజరూ అంతే. మీటరు తర్వాత ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి, వోల్టేజ్ మరీ పెరిగినా మరీ తగ్గినా అది కరెంటు ఆపేస్తుంది. మా ఇంట్లో ఫేజ్‌కి ఒకటి చొప్పున మూడు పెట్టించాను, ఏ ఫేజ్ తేడాగా ఉంటే అదొక్కటే ఆగుతుంది. పైన 270, కింద 180 పెట్టుకున్నాను. కరెంటు మళ్లీ ఇవ్వడానికి మూడు నిమిషాల ఆలస్యం పెట్టించండి, ఫ్రిజ్, ఏసీలకి ఆ విరామం అవసరం. ఇంటి మొత్తం లోడ్‌కి సరిపడే ఆంప్స్‌ది తీసుకోవాలి. న్యూట్రల్ తీగ మీద విడిగా ఫ్యూజ్ ఉంటే ఎలక్ట్రీషియన్‌తో తీయించి, తీగని నేరుగా కలిపించేయండి. న్యూట్రల్ రాలేదని ఎర్త్ తీగని వాడే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే షాక్ కొడుతుంది.

మోటార్ దగ్గర కథ వేరు. అక్కడ ఒక ఫేజ్ పూర్తిగా పోయినా వైండింగ్ కాలుతుంది. మామూలు స్టార్టర్‌లో దాన్ని ఆన్‌లో పట్టి ఉంచే కాయిల్ రెండు ఫేజ్‌ల మధ్య ఉంటుంది. ఆ రెండింట్లో ఒకటి పోతే స్టార్టర్ పడిపోతుంది, మీ అదృష్టం. మూడోది పోతే కాయిల్‌కి ఏమీ తెలియదు. మోటార్ తిరుగుతూనే ఉంటుంది, అదే లోడ్‌కి మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది. 8 ఆంప్స్ లాగేది 14కి దగ్గరపడుతుంది. ఎక్కువ కరెంటు పారితే మోటార్‌ని ఆపే ఓవర్‌లోడ్ రిలే స్టార్టర్‌లో ఉంటుంది, సరిగ్గా సెట్ చేసి ఉంటే ఇక్కడ అదే కాపాడాలి. కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని చాలామంది దాన్ని పూర్తిగా పైకి తిప్పేసి ఉంచుతారు. మోటార్ ప్లేటు మీదున్న ఆంప్స్‌కే పెట్టండి.

దాంతోపాటు ఒక ఫేజ్ పోతే మోటార్‌ని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉండాల్సిందే. కొనేటప్పుడు తీగల్లో పారే కరెంటుని (ఆంప్స్‌ని) చూసే రకం అడగండి. తిరుగుతున్న మోటార్ పోయిన ఫేజ్‌లో కూడా తానే కొంత వోల్టేజ్ పుట్టిస్తుంది, అందుకే వోల్టేజ్‌ని మాత్రమే చూసే చవక రకాలు ఒక్కోసారి మోసపోతాయి. కరెంటు రాగానే మోటార్‌ని తానే ఆన్ చేసే ఆటో స్టార్టర్ ఉంటే ప్రివెంటర్ లేకుండా అస్సలు వద్దు. అర్ధరాత్రి రెండు ఫేజ్‌లే వచ్చినా అది మోటార్‌ని ఆన్ చేసేయొచ్చు.

కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసేముందు, మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లుంటే మూడు ఫేజ్‌లనీ న్యూట్రల్‌తో కొలిపించండి. ఒకటి సున్నా, రెండు బాగుంటే ఎల్‌టీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకి వచ్చే వైపు, ఫ్యూజో తీగో పోయినట్టు. ఒకటి 230, రెండు సగం ఉంటే 11 కేవీ ఫ్యూజ్. ఒకటి ఎగబాకి ఇంకొకటి పడిపోతే న్యూట్రల్, ముందు మెయిన్ ఆపేశాకే ఫోన్. ఆ అంకెలు చెబితే లైన్‌మన్ నేరుగా ఎక్కాల్సిన స్తంభం దగ్గరికే వస్తాడు.