రెండు సంచుల తూకంతో మొదలుపెట్టండి

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నా వయసు 31. తెలుగు మాధ్యమంలో బీకాం చదివాను. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల టోకు దుకాణంలో లెక్కలు రాస్తాను. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఫోనులో నలభైకి పైగా వీడియోలు దాచుకున్నాను. ఒకటి కష్టమనిపించగానే ఇంకోదానికి మారుతున్నాను. ఆరు నెలలైనా సొంతంగా నాలుగు వరుసలు రాయలేకపోతున్నాను. ఇంగ్లీషు నెమ్మదిగా చదివితే అర్థమవుతుంది, వింటే అందదు. ఇంట్లో కంప్యూటర్ లేదు. దుకాణంలో భోజనం వేళ అరగంట వాడుకోమన్నారు. ఫీజు కట్టే స్థోమత లేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవాటిలో దేన్ని పట్టుకోమంటారు?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ ఉత్తరంలో ‘అరగంట’ అన్న మాట దగ్గర ఆగిపోయానమ్మా. 1999లో నేను సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి అమీర్‌పేటలో చేరాను. మైత్రీవనం దగ్గర ఒక మేడ మీది గదిలో బెంచీకి ఐదుగురం కూర్చుని, బోర్డు మీది ప్రోగ్రాములను నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్లం. కంప్యూటర్ మాత్రం వారానికి అరగంటే దొరికేది. మూడు నోటుబుక్కులు నిండాయి. అయినా నాకు వచ్చిన కాస్త సి భాషా ఆ అరగంటల్లో, వరుస చివర పెట్టాల్సిన సెమీకోలన్ మరచిపోయి తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ నేర్చుకున్నదే. మీకు రోజూ అరగంట ఉంది. దయచేసి దాన్ని వీడియోలు చూడటానికి వాడకండి. ఆ వేళ మీ వేళ్లు కీబోర్డు మీదే ఉండాలి.

భాష పైథాన్ తీసుకోండి. యజమాని కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. గూగుల్ ఖాతా ఉంటే గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే పైథాన్ రాసి నడపవచ్చు. లేచేముందు ఖాతా నుంచి బయటికి రండి. దుకాణం ఖాతాదారుల పేర్లు, బాకీలు అందులో ఎక్కించకండి, అభ్యాసానికి అంకెలు మీరే కల్పించుకోండి.

మొదటి రోజు పని ఇది. రెండు సంచుల తూకం అడిగి, కలిపి చూపించే ప్రోగ్రాము రాయండి. ఇన్‌పుట్ (టైపు చేసినదాన్ని తీసుకునే ఆదేశం)తో రెండు తూకాలు తీసుకుని, ప్లస్ గుర్తుతో కలిపి, ప్రింట్ (తెర మీద చూపించే ఆదేశం) చేయండి. 12, 8 ఇవ్వండి. జవాబు 20 రాదు, 128 వస్తుంది. భయపడకండి, ఇక్కడే అసలు పాఠం ఉంది. ఇన్‌పుట్ తెచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస. అక్షరాలను కలిపితే పక్కపక్కన చేరతాయి. ఇదే ప్రోగ్రామును పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సైటులో పెట్టి ఒక్కో వరుసా నడిపించండి. 12 చుట్టూ కొటేషన్ గుర్తులు కనిపిస్తాయి. ఇప్పుడు ఇన్‌పుట్‌ను ఫ్లోట్‌లో, అంటే అక్షరాలను దశాంశ అంకెగా మార్చే ఆదేశంలో, పెట్టి మళ్లీ నడపండి. 20.0 వస్తుంది, కొటేషన్లు పోతాయి. ఈ తేడా మీ కళ్లతో చూశాక ఎన్నటికీ మరచిపోరు.

ఇక పాఠం సంగతి. వింటే అందదు, చదివితే అర్థమవుతుంది అన్నారు కాబట్టి హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి సీఎస్50 పైథాన్ కోర్సు మీకు సరిపోతుంది. ఆ పాఠాలు చెప్పే డేవిడ్ మలాన్ గారి ఉపన్యాసాలు వేగంగా సాగుతాయి. కానీ ప్రతి వారానికీ రాతరూపంలో నోట్సు, చేయవలసిన లెక్కలు అదే సైటులో ఉచితంగా ఉన్నాయి. ముందు నోట్సు చదవండి, అందులోని ప్రతి ఉదాహరణనూ చూసి టైపు చేయండి, తర్వాత మూసేసి గుర్తున్నంతవరకు మళ్లీ రాయండి. ఒక వారం పాఠానికి మీకు మూడు వారాలు పట్టినా పరవాలేదు. తెలుగు గొంతు వినాలనిపిస్తే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. పదేసి నిమిషాల పాఠాలు, కొన్నింటికి తెలుగు ఉంది. వీడియో ఆపుతూ, అదే పని పక్కన చేస్తూ సాగమని వాళ్లే చెబుతారు, అందుకే నాకు అవి ఇష్టం. ఉచిత పాఠాలు పెట్టే ఫ్రీకోడ్‌క్యాంప్, ఎన్‌పీటెల్ సైట్లు కూడా మంచివే. వాటిని ఆరు నెలల తర్వాత చూద్దాం.

దాచుకున్న నలభై వీడియోలకు ఒక పరీక్ష పెట్టండి. ప్రింట్ తర్వాత బ్రాకెట్ లేకుండా రాస్తూ కనిపిస్తే అది పైథాన్ 2, అంటే ఆ భాష పాత రూపం. దాని నిర్వహణ 2020 జనవరి 1తో ఆగిపోయింది. ఆ వీడియో చూసి రాసినది మీ దగ్గర నడవదు, తప్పు మీదేననుకుని బాధపడతారు. తీసేయండి.

ఎర్రర్ వస్తే చివరి వరుస ముందు చదవండి. పైథాన్ అసలు కారణం అక్కడే చెబుతుంది. ప్రింట్‌లోని మొదటి అక్షరం పెద్దబడిలో కొడితే, నేమ్ ఎర్రర్ అని, ఆ పేరు తనకు తెలియదని అంటుంది. ఎంత చదివినా అర్థం కాకపోతే ఆ వరుసను ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి తెలుగులో వివరించమనండి. ప్రోగ్రాము రాసిపెట్టమని మాత్రం అడగవద్దు, కనీసం మొదటి మూడు నెలలు. ఈ విషయంలో నేను పట్టుదలగానే ఉంటాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో అలా రాయించుకున్నవాళ్లు, పక్కన కూర్చుని ఒక్క వరుస మార్చమంటే కదలలేకపోతున్నారు.

రెండు సంచులు అయ్యాక పది సంచులకు రాయండి, తర్వాత సంచుల సంఖ్య కూడా ప్రోగ్రామే అడిగేలా మార్చండి. అందుకు లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి) కావాలి, అది సీఎస్50 నోట్సులో ‘2’ అంకె వేసిన వారంలో ఉంది. కిలో ధర అడిగి బిల్లు వేయించడం ఆ తర్వాత. ఎక్కడైనా ఆగిపోతే మీరు రాసిన వరుసలు, వచ్చిన ఎర్రర్ రెండూ ఉన్నవి ఉన్నట్టుగా నాకు పంపండి.