అలంకారాన్ని గుర్తించిన తరువాత ఏమి రాయాలి?

ఇంగ్లీషు తరగతిలో ఇచ్చిన ప్రసంగంలో ఈథోస్ (వక్త మీద నమ్మకంతో ఒప్పించడం), పాథోస్ (భావోద్వేగంతో ఒప్పించడం), లోగోస్ (తర్కంతో ఒప్పించడం) ఎక్కడున్నాయో, రూపకం ఏదో, పునరుక్తి ఏదో గుర్తించగలుగుతున్నప్పటికీ, దిద్దిన వ్యాసం చేతికి వచ్చేసరికి "విశ్లేషణ లేదు" అన్న వ్యాఖ్యే ఎందుకు ఉంటోందని మీరు అడిగారు. నాకూ ఇదే జరిగింది. నా మొదటి వ్యాసంలో నేను పదకొండు అలంకారాలను పట్టి చూపించాను, మా ఉపాధ్యాయురాలు వాటిలో తొమ్మిదింటి పక్కన మార్జిన్‌లో "అయితే ఏమిటి?" అని మాత్రమే రాసి ఇచ్చారు.

అప్పుడు కోపం వచ్చింది గానీ, ఆ ప్రశ్న న్యాయమైనదే. తెలుగు తరగతిలో అలంకారం పేరు చెప్పి, ఉపమేయం ఇది, ఉపమానం ఇది అని లక్షణ సమన్వయం చేస్తే మార్కులు వచ్చేవి. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు వ్యాసమూ రాశాను. ఇక్కడ అడిగేది వేరు: ఈ వక్త, ఈ శ్రోతల ముందు, ఈ సమయంలో, ఈ మాటనే ఎందుకు ఎంచుకున్నారు, దానివల్ల ఆయనకు ఒనగూడినదేమిటి?

అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన "నాకొక కల ఉంది" ప్రసంగంతోనే నాకీ సంగతి తలకెక్కింది. అమెరికా తన నల్లజాతి పౌరులకు చెల్లని చెక్కు ఇచ్చిందని, అది ఖాతాలో సొమ్ము చాలదన్న ముద్రతో తిరిగివచ్చిందని అందులో ఆయన అంటారు. "ఇది రూపకం, శ్రోతల్లో భావోద్వేగాన్ని రేకెత్తిస్తుంది" అని నేను మొదట రాశాను. ఆ వాక్యంలో తప్పు లేదు. ఏ ప్రసంగం కిందనైనా అతికించవచ్చు కాబట్టి ఉపయోగమూ లేదు. తరువాత రూపకాన్ని తీసేసి, "అమెరికా మాకు హక్కులు ఇవ్వలేదు" అని చదివి చూశాను. ఫిర్యాదు అలాగే ఉంది గానీ, ఫిర్యాదు చేసేవారి హోదా మారిపోయింది. హక్కులు ఇమ్మని అడిగేవాడు దయ కోరే అర్థిలా కనిపించవచ్చు. చెక్కు పట్టుకొని వచ్చినవాడు మాత్రం బాకీ వసూలుకు వచ్చిన రుణదాత. పైగా దేశ నిర్మాతలు రాజ్యాంగం, స్వాతంత్ర్య ప్రకటన రాసినప్పుడే ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం చేశారని కింగ్ అంటారు కనుక, ఎదుటి పక్షం కొత్త సిద్ధాంతమేదీ ఒప్పుకోనక్కరలేదు, తన పూర్వీకుల సంతకాన్ని మన్నిస్తే చాలు. న్యాయమనే బ్యాంకు దివాలా తీసిందంటే నమ్మబోమని ఆయన వెంటనే చెప్పడంతో, ఆగ్రహమూ ఆశా ఒకే రూపకంలో ఇమిడిపోయాయి.

ఈ రూపకం పాథోసా, లోగోసా అని తేల్చడానికి నేనొక అరగంట వృథా చేశాను. అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఈ మూడింటినీ ఒప్పించే మార్గాలుగా వివరించాడే తప్ప, ఒక్కొక్క వాక్యాన్ని ఒక్కొక్క డబ్బాలో వేయమనలేదు. అదే ప్రసంగం ఆరంభంలో కింగ్ "వందేళ్ల క్రితం" అని మామూలుగా అనకుండా, "ఐదు ఇరవైల ఏళ్ల క్రితం" అనే పాతకాలపు లెక్కలో చెప్పారు. 1863లో గెటిస్‌బర్గ్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు లింకన్ తన ప్రసంగాన్ని "నాలుగు ఇరవైల ఏడేళ్ల క్రితం" అంటూ మొదలుపెట్టారు. కింగ్ ఆ బాణీని లింకన్ స్మారక మందిరం మెట్ల మీద నిలబడి అందుకున్నారు. లింకన్‌పై ఉన్న గౌరవం కింగ్ మాటకు అండ అవుతుంది కాబట్టి అది ఈథోస్. 100 ఏళ్లయినా నల్లజాతివారికి ఇచ్చిన మాట నిలబడలేదన్న లెక్క అందులోనే ఉంది కాబట్టి లోగోస్ కూడా. రెండూ రాయవచ్చు.

వ్యాసానికి ఇలాంటివి రెండు మూడు చాలు. అనుప్రాస గురించి "వినసొంపుగా ఉంది" అనడం తప్ప మరేమీ తోచకపోతే దాన్ని నిస్సంకోచంగా వదిలేయండి. ఈథోస్‌కు ఒక పేరా, పాథోస్‌కు ఒక పేరా అని విడగొట్టడం కంటే, ప్రసంగం సాగిన వరుసలోనే వ్యాసాన్ని నడపడం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే కింగ్ బాకీ సంగతి తేల్చిన తరువాతే తన కల గురించి మాట్లాడారు, ఆ వరుస తారుమారై ఉంటే ఆ కల వట్టి కోరికగా వినిపించేది.