చారిత్రక నాటకానికి తొలి రంగం వీధిలోనా, దర్బారులోనా?

ప్రశ్న: కొండవీటి కుమారగిరిరెడ్డి కాలపు కథతో పరిషత్తు పోటీలకు నాటిక సిద్ధం చేస్తున్నాము. తొలి రంగాన్ని వీధిలో పెట్టాలని మా దర్శకుడు, దర్బారుతో తెర తీస్తేనే నిండుగా ఉంటుందని తక్కినవారు అంటున్నారు. ఏది మేలు? వీధి తెర వేయించక తప్పదా?
– ఒక నాటక సమాజ సభ్యుడు, గుంటూరు

సమాధానం: మీ దర్శకుని పక్షమే నాది. దర్బారులో రాజును పొగిడేవారే గాని ఆయనను గురించి మనసులో మాట చెప్పేవారుండరు. వీధిలోనైతే రాజు రంగం మీదికి రాకముందే ఆయనపై జనానికున్న మోజు, కసి, భయం ప్రేక్షకునికి తెలిసిపోతాయి. షేక్స్పియర్ 'జూలియస్ సీజర్' మొదలయ్యేది పని మానుకొని వీధిన పడ్డ జనంతోనే. వీళ్లనెందుకు వెంట తిప్పుకుంటున్నావని అధికారి గద్దిస్తే, వీళ్ల చెప్పులు అరిగితే నాకు పని దొరుకుతుందంటాడు అందులోని చెప్పులు కుట్టేవాడు. ఆ నవ్వు ఆగకముందే, నిన్నటిదాకా సీజర్ ప్రత్యర్థి అయిన సేనాని పాంపీని చూడడానికి పసిబిడ్డలను చంకనెత్తుకొని గోడలెక్కిన మీరే ఇప్పుడు అతని కొడుకులను గెలిచినవానికి జేజేలు కొడతారా అన్న నిలదీత వస్తుంది. జనాభిమానం ఎంత నిలకడలేనిదో సీజర్ రాకముందే మనకు అర్థమైపోతుంది.

ఇక తెర సంగతి. 1623 నాటి ముద్రణలో ఆ రంగానికి 'వీధి' అన్న సూచనే లేదు. అది తరువాతి పరిష్కర్తలు చేర్చినది. పాత్రల మాటలే వీధిని కట్టాయి గనుక మీకు నల్లతెర చాలు. అయితే ముందువైపు తెర దించి వీధి రంగం ఆడుతుండగా దాని వెనుక దర్బారు అమర్చుకోవడం తెరల నాటకాలవారి పాత ఒడుపు. నిమిషాలు లెక్కపెట్టే పరిషత్తులో అది మీకూ పనికివస్తుంది.

మీ కథకు వీధి మరీ నప్పుతుంది. కుమారగిరి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టి, శ్రీనాథుని 'హరవిలాసము' అంకితమందుకొన్న వర్తకుడు. ఆయన సరుకు దిగుతున్న చోట కర్పూరం మూట మోసే కూలినీ, ఆ ఖరీదు విని నోరు తెరిచిన రైతునూ నిలబెట్టండి. వాళ్లచేత రెడ్డిరాజుల వంశావళి మాత్రం చెప్పించకండి. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు వివరించుకోవడం మన చారిత్రక నాటకాలకు పట్టిన జాడ్యం. కూలి నోట గ్రాంథికం కూడా వద్దు. 1897 నాటి 'ప్రతాపరుద్రీయము'లోనే వేదం వేంకటరాయశాస్త్రిగారు చాకలి పేరిగానిచేత చాకలి మాటే పలికించారు.