సంతకం అలుక్కుపోకుండా...

ప్రశ్న: కచేరీ అయ్యాక అభిమాన గాయకుడితో ఎల్‌పీ రికార్డు అట్ట మీద సంతకం పెట్టించుకున్నాను. ఇంటికొచ్చేసరికి అలుక్కుపోయింది. ఏ పెన్ను వాడాలి? టికెట్టుకు లామినేషన్ చేయించవచ్చా?

జవాబు: నున్నటి అట్ట సిరాను పీల్చుకోదు. బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను ఓ పట్టాన ఆరదు. ఆయిల్ పెయింట్ మార్కర్ తీసుకోండి. ముదురు రంగు అట్టకు వెండి రంగుది, లేత రంగుకు నల్లది. అసలు తిప్పలు మొదటి గీతతోనే. కొత్త మార్కర్‌ను మూత తీయకుండా బాగా ఊపి, ఆ తర్వాత మొనను చిత్తుకాగితం మీద పదేపదే నొక్కితేగానీ రంగు దిగదు. ఆ పని వరుసలో నిలబడినప్పుడే కానివ్వండి. లేకపోతే ఆయన చేతిలో ఉండగానే అట్ట మీద బొట్టు కారుతుంది! సంతకమయ్యాక పది నిమిషాలైనా అట్టను గాలికి ఉంచండి. తడి ఆరకముందే ప్లాస్టిక్ కవర్లో దూర్చి ఉంటారు, మీది అందుకే అలికినట్టుంది. సీడీ అయితే డిస్కు మీద వద్దు, లోపలి పుస్తకం మీద పెట్టించండి. లేబుల్ వైపు పూత మరీ పలచన, ఘాటైన సిరా దాన్ని తినేయవచ్చు.

ఇక టికెట్టు. మూలన గోటితో గట్టిగా గీకండి. నల్లటి చార పడితే అది థర్మల్ కాగితమే, లామినేషన్ వేడికి మొత్తం నల్లబడుతుంది. ముందు స్కాన్ చేసుకుని, ఎండా వేడీ తగలని చోట కాగితపు కవర్లో పెట్టండి.