బీడీఎస్ తర్వాత క్యాన్సర్ నివారణ పరిశోధన: పెరంబూరు తండ్రిగారికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలో బీడీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తి చేసింది. క్లినిక్ పెట్టిస్తానంటే వద్దంటోంది. విదేశీ సంస్థలతో కలిసి మన దేశంలో జరిగే క్యాన్సర్ నివారణ పరిశోధనలో, ముఖ్యంగా జనం మధ్య తిరిగి చేసే పనిలో చేరతానంటోంది. ఇందులో నిలకడైన జీవనం ఉంటుందా? ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేయించాలా, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయించాలా, లేక అప్పు చేసైనా బ్రిటన్ పంపించాలా?

జవాబు: నమస్కారమండి. మీ అమ్మాయి చదువుకూ ఆమె కోరుకుంటున్న పనికీ చాలా దగ్గరి సంబంధం ఉంది. మన దేశంలో మగవారికి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ఒకటి. చాలామందిలో అది ముదరకముందే తెల్లమచ్చగానో, నోరు పూర్తిగా తెరవనివ్వని బిగుతుగానో కనిపిస్తుంది కాబట్టి, ఆ మార్పును తొలిదశలోనే పట్టుకోగలిగేవారిలో దంతవైద్యులు ముందుంటారు.

ఇందులో మన తెలుగు ప్రాంతానికి పాత చరిత్రే ఉంది. శ్రీకాకుళం జిల్లాలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు ఆడవారిలో ఎక్కువ. ఆ అలవాటు వల్ల అంగిలిలో వచ్చే మార్పులను ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధకులు, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి 1960ల నుంచే ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఆ తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36 వేలమందికి పైగా జనాన్ని ఎంచుకొని, మానమని ఏళ్ళ తరబడి చెబుతూ, వారి నోళ్ళను పరీక్షిస్తూ వచ్చారు. అలా చెప్పినచోట అలవాటు మానినవారు పెరిగారని, కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గిందని 1986లో ప్రచురించారు. మీ రాష్ట్రంలోనే దిండిగల్ జిల్లాలో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, అంబిలిక్కై ఆసుపత్రి, ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ కలిసి మరో పని చేశాయి. శిక్షణ పొందిన నర్సులు ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే తేలికపాటి పరీక్షను గ్రామీణ స్త్రీలకు ఒక్కసారి చేసి, అవసరమైనవారికి చికిత్స అందిస్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు సుమారు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. ఖరీదైన యంత్రాలు లేకుండా వచ్చిన ఫలితాలు ఇవి, మీ అమ్మాయి ఆశ పెట్టుకున్నది ఇలాంటి పని మీదే.

అయితే ఈ రంగంలో ఎక్కువ శ్రద్ధ కావలసింది ప్రయోగశాలకు వెలుపల, జనం అంగీకారం తీసుకునేచోట. ఈ మాట అమ్మాయితో వివరంగా చర్చించండి. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేయించాయి. వారిలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు ఎందరో ఉన్నారు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి తర్వాత బయటపడింది. కొందరు బాలికలు మరణించారన్న వార్తల నడుమ 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగవలసినవారిని అడగకపోవడం వల్ల జనంలో పుట్టిన అనుమానం ఏళ్ళ తరబడి పోలేదు.

ఆ నిలిపివేత మరో అధ్యయనాన్నీ తాకింది. అదే టీకా ఎన్ని డోసులు అవసరమో తేల్చడానికి ఐఏఆర్‌సీ మన దేశంలోని 9 కేంద్రాల్లో మొదలుపెట్టిన పరిశోధనలో టీకాలు మధ్యలోనే ఆగిపోవడంతో, దాదాపు 5 వేలమంది బాలికలకు ఒక్క డోసు మాత్రమే అందింది. పరిశోధకులు ఆ బాలికలను వదిలేయక ఏటేటా కలుస్తూ వచ్చారు. ఒక్క డోసు కూడా బలమైన రక్షణ ఇస్తున్నట్లు 2021లో వెలువడిన ఆ ఫలితాలు, మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని ఆమోదించడానికి దోహదపడ్డాయి. అన్నేళ్ళపాటు ఆ కుటుంబాలు పరిశోధకులను ఇంట్లోకి రానిచ్చి మాట్లాడబట్టే ఇది సాధ్యమైంది, లియాన్‌లో కూర్చున్న గణాంక నిపుణుడు ఎంత సమర్థుడైనా ఆ పని చేయలేడు.

కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ అని ప్రాజెక్టు పత్రాల్లో రాసేది ఇదే. కూలికి వెళ్ళే ఆడవారికి ఏ వేళ వీలవుతుందో వారినే అడిగి శిబిరం సమయం పెట్టాలి, అంగీకార పత్రాన్ని వారి మాటల్లో చదివి వినిపించాలి, ‘వద్దు’ అన్నవారిని మళ్ళీ మళ్ళీ ఒత్తిడి చేయకుండా చూడాలి. పరీక్షలో అనుమానం వచ్చిన మనిషిని ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారో, ఆ రోజు పోయే కూలి సంగతి ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. చికిత్స వరకు చేర్చలేని పరీక్ష ఆ మనిషికి భయాన్ని తప్ప ఏమీ ఇవ్వదు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఇంట్లో తెలుగు, బయట తమిళం ధారాళంగా మాట్లాడే దంతవైద్యురాలు ఏ పరిశోధన బృందానికైనా విలువైన మనిషి.

ఇక నిలకడ సంగతి. మీ భయంలో నిజముంది. విదేశీ నిధులతో నడిచే ఉద్యోగాలు ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ ఒప్పందాల మీదే ఉంటాయి. విదేశీ భాగస్వామ్య పరిశోధనకు ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి రావాలి, అది ఆలస్యమైతే నియామకాలూ ఆగుతాయి. 2025లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు విదేశీ భాగస్వాములకు ఉపనిధులిచ్చే విధానాన్ని మార్చినప్పుడు చాలా దేశాల్లో బృందాలు ఇబ్బంది పడ్డాయి. కనుక డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటూ, మొదటి కొన్నేళ్ళు సాయంత్రాలు ఏదైనా క్లినిక్‌లో పనిచేయడం మంచిది. దాన్ని ఓటమిగా భావించవద్దని ఆమెకు చెప్పండి.

చదువు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. డెంటల్ కాలేజీలో బోధించాలని ఉంటే పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో మూడేళ్ళ ఎండీఎస్ చేయాలి. పరిశోధనే లక్ష్యమైతే, జనంలో రోగాల వ్యాప్తిని అధ్యయనం చేసే ఎపిడెమియాలజీ, గణాంక శాస్త్రం గట్టిగా నేర్పే ఎంపీహెచ్ మేలు. చెన్నైలోని ఐసీఎంఆర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం అచ్యుత మేనన్ సెంటర్ ప్రవేశ ప్రకటనలను, బీడీఎస్ వారికి ఉన్న అర్హతలను ఈ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. అయితే వీటన్నిటికంటే ముందు ఒక ఏడాది ఏదైనా స్క్రీనింగ్ ప్రాజెక్టులోనో, క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీలోనో పనిచేయమనండి. ముంబయి రిజిస్ట్రీ 1960ల నుంచి, చెన్నై, బెంగళూరు రిజిస్ట్రీలు 1980ల తొలినాళ్ళ నుంచి నడుస్తున్నాయి, క్యాన్సర్ లెక్కలు ఎలా పుడతాయో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎండలో ఇల్లిల్లూ తిరిగాక కూడా ఇష్టం నిలిస్తే ఫీజు కట్టవచ్చు.

బ్రిటన్ కోసం ఇప్పుడు అప్పు చేయడాన్ని నేను సమర్థించను. రెండు మూడేళ్ళ క్షేత్రానుభవం, ఒకటి రెండు ప్రచురణలు చేతిలో ఉంటే చీవ్‌నింగ్, కామన్వెల్త్ వంటి ఉపకార వేతనాలకు గట్టి దరఖాస్తు పెట్టవచ్చు. లియాన్‌లో ఐఏఆర్‌సీ నిర్వహించే వేసవి శిక్షణ కూడా ఇప్పటికే ఈ రంగంలో పనిచేస్తున్నవారి కోసమే.

ప్రాజెక్టు ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు అమ్మాయి కూడా వారిని కొన్ని ప్రశ్నలు అడగాలి. నైతిక సంఘం అనుమతి వచ్చిందా, సేకరించిన సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ప్రచురణల్లో క్షేత్ర బృందం పేర్లు ఉంటాయా, పరీక్షలో తేడా కనిపించినవారి చికిత్స ఖర్చు ఎవరిది అని మర్యాదగానే అడగమనండి. చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, జీతం ఎంత బాగున్నా ఆ ప్రాజెక్టులో చేరవద్దని నా సలహా.