సర్వర్‌లో గ్లోబల్, లోకల్, పార్టీ చాట్: ఏ మాట ఎక్కడ పెట్టాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది కదా: జమ్మికుంట నుంచి నువ్వూ నీ ఫ్రెండ్సూ కొత్తగా ఒక మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులతో కట్టుకుంటూ ఆడే గేమ్) సర్వర్‌లో చేరారు. గ్లోబల్ చాట్‌లో సాయం అడిగితే ఎవరూ పలకలేదు సరికదా, చాట్ చూసుకునే మోడరేటర్ నిన్ను మ్యూట్ చేశాడు, అంటే చాట్‌లో రాయకుండా ఆపాడు. ఇన్ని చాట్ ఛానల్స్ ఎందుకు, దేన్ని ఎప్పుడు వాడాలి అని నీ ప్రశ్న.

నేను హన్మకొండలో ఉంటాను. మా కాలేజీ వాళ్లూ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల పిల్లలూ కలిసి ఆడే ఒక చిన్న సర్వర్‌కి మోడరేటర్‌ని. నువ్వు రాసిన మెసేజ్‌లు చదవగానే కారణం అర్థమైంది. "అన్నా", "ఎవరన్నా ఉన్నరా", "చిన్న డౌట్", "ప్లీజ్", "రిప్లై ఇవ్వండి". ఐదు మెసేజ్‌లు పంపావు, ఒక్కదాంట్లోనూ నీ డౌట్ ఏంటో లేదు. వాట్సాప్‌లో మనందరికీ ఇదే అలవాటు, అక్కడ నడిచిపోతుంది. గేమ్‌లో చాట్ పది సెకన్లలో స్క్రీన్ మీద నుంచి మాయమవుతుంది. ఎవరో గుహలో జాంబీలతో కొట్లాడుతూ ఓరకంట చూస్తారు, "చిన్న డౌట్" అని కనిపిస్తే వదిలేస్తారు. పైగా టకటకా మెసేజ్‌లు కొడితే మైన్‌క్రాఫ్ట్ దాన్ని స్పామ్ అనుకుని సర్వర్ నుంచే బయటికి పంపేస్తుంది. ఒక్క మెసేజ్‌లో 256 అక్షరాలు పడతాయి. నీ ప్రశ్న మొత్తం దాంట్లో హాయిగా పడుతుంది: "నేను కొత్త. భూమిని క్లెయిమ్ చేసే కమాండ్ కొడితే పర్మిషన్ లేదని వస్తుంది, ముందు ఏమన్నా చేయాలా?" ఇలా అడిగితే మా సర్వర్‌లో అయితే జవాబు రాకుండా ఉండదు.

ఇక ఛానల్స్. మామూలు మైన్‌క్రాఫ్ట్‌లో అందరికీ వెళ్లే చాట్, ఒకరికే వెళ్లే మెసేజ్, టీమ్ మెసేజ్ తప్ప ఏమీ ఉండవు. గ్లోబల్, లోకల్, పార్టీ, ట్రేడ్ లాంటివన్నీ సర్వర్ వాళ్లు ప్లగిన్లతో (సర్వర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లతో) పెట్టుకునేవి. అందుకే ఒక సర్వర్‌లో పనిచేసిన కమాండ్ ఇంకోదాంట్లో పనిచేయదు. చేరగానే స్లాష్ (/) కొట్టి హెల్ప్, రూల్స్ అని టైప్ చేసి చదువు, బద్ధకించకు.

గ్లోబల్ అంటే బస్టాండ్‌లో మైకు లాంటిది. అందరికీ పనికొచ్చే మాటకే దాన్ని వాడాలి: సాయం అడగడం, ఈవెంట్ గురించి చెప్పడం, ఎవరన్నా చీటింగ్ చేస్తుంటే అందరినీ అప్రమత్తం చేయడం. లోకల్ అంటే నీ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు మాత్రమే వినపడేది. ఎసెన్షియల్స్ ఎక్స్ అనే ప్లగిన్ చాలా సర్వర్లలో ఉంటుంది. దాంట్లో ఎన్ని బ్లాకుల దూరం వరకు మాట వెళ్లాలో ఓనర్ నిర్ణయిస్తాడు. అలాంటి చోట మామూలుగా టైప్ చేస్తే దగ్గర్లో ఉన్నవాళ్లకే వెళ్తుంది, ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే సర్వర్ అంతటికీ వెళ్తుంది. "నేను మాట్లాడితే ఎవరూ పలకట్లేదు" అని కొత్తవాళ్లు బాధపడుతుంటారు, చూస్తే వాళ్లు అడవి మధ్యలో నిలబడి లోకల్‌లో అడుగుతుంటారు. పాపం, వినడానికి అక్కడ గొర్రెలు తప్ప ఎవరుంటారు?

పార్టీ చాట్ అంటే నీ గుంపులో ఉన్నవాళ్లకే వెళ్లేది. దాని విలువ నాకు బాగా తెలిసొచ్చింది మా సర్వర్‌లో బ్లాకులతో వరంగల్ కోట కట్టినప్పుడే. అసలు కోటలో స్వయంభూ శివాలయం ఉండిన చోట నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు ఉన్నాయి కదా, మన తెలంగాణ చిహ్నంలో ఉన్నది ఆ తోరణమే. అవి నాలుగూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మా బృందంలో తలా ఒక తోరణం దగ్గర ఉండేవాళ్లు. "తోరణం కాడికి రారి" అని ఒకరు అంటే ఏ తోరణమో ఎవరికి తెలుస్తుంది? మొదట్లో అదంతా గ్లోబల్‌లోనే నడిచింది. వజ్రాలు అమ్ముకునేవాళ్ల మాటలు, మా రాళ్ల లెక్కలు, మధ్యలో ఎవరో కొత్త పిల్లాడి ప్రశ్న, అన్నీ కలిసి కొట్టుకుపోయేవి. మాకంటూ పార్టీ ఛానల్ పెట్టుకున్నాక మాటల తీరే మారింది. "ఉత్తరం, ఎడమ స్తంభం, పైన రెండు బ్లాకులు తక్కువున్నయ్." "తూర్పు అయిపోయింది, దూలం ఎవరన్నా చూడుండ్రి." దిక్కు ముందు, పని తర్వాత. ఎఫ్3 నొక్కితే నువ్వు ఏ దిక్కుకి తిరిగి ఉన్నావో, ఏ కోఆర్డినేట్స్ (నువ్వున్న చోటు చెప్పే అంకెలు) దగ్గర ఉన్నావో కనిపిస్తుంది కాబట్టి ఎవరూ "ఎక్కడ?" అని తిరిగి అడిగే అవసరం రాలేదు. ఆ సాయంత్రాలంటే నాకు ఇప్పటికీ చాలా ఇష్టం.

కోఆర్డినేట్స్ గురించి ఇంకో మాట. నీ ఇల్లు, నీ పెట్టెలు ఉన్న చోటు అంకెలను గ్లోబల్‌లో ఎప్పుడూ పెట్టకు. దోపిడీకి అనుమతి ఉన్న సర్వర్‌లో నువ్వు పడుకుని లేచేసరికి ఏమీ మిగలదు. మా కరీంనగర్ పిల్లాడు ఒకడు ఫ్రెండ్‌కి పంపబోయి గ్లోబల్‌లో పెట్టాడు, అక్కడ ముందు స్లాష్ పడలేదు అంతే. మేము సామాను వేరే చోటికి మార్చేదాకా వాడికి ఒకటే టెన్షన్. ప్రైవేట్ మెసేజ్ పంపేటప్పుడు మొదటి అక్షరం స్లాషేనా అని చూసుకున్నాకే ఎంటర్ నొక్కు. పార్టీ ఛానల్‌ని కొన్ని ప్లగిన్లలో ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ చేసేదాకా నీ మాటలన్నీ అందులోకే వెళ్తుంటాయి. మెసేజ్ ముందు కనిపించే ఛానల్ పేరూ రంగూ గమనిస్తూ ఉండు. రిప్లై కోసం "ఆర్" అనే షార్ట్‌కట్ ఉంటుంది, అది చివర నీకు పంపినవాళ్లకు వెళ్తుందా, చివర నువ్వు పంపినవాళ్లకు వెళ్తుందా అన్నది సర్వర్ సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. ముఖ్యమైన మాటైతే పేరు పూర్తిగా కొట్టి పంపు.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: గేమ్‌లో ప్రైవేట్ మెసేజ్ అనేది నిజంగా ప్రైవేట్ కాదు. స్పిగాట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే సర్వర్లలో ప్లేయర్లు కొట్టే ప్రతి కమాండూ మామూలుగా కన్సోల్ లాగ్‌లో (సర్వర్ రాసుకునే రికార్డులో) పడుతుంది. ప్రైవేట్ మెసేజ్ కూడా ఒక కమాండే కాబట్టి ఓనర్ తలుచుకుంటే చదవగలడు. ఎసెన్షియల్స్ ఎక్స్‌లో స్టాఫ్ వాటిని అక్కడికక్కడే చూసే సౌకర్యం కూడా ఉంది. అందుకే ఫోన్ నంబర్, కాలేజీ పేరు, ఓటీపీ, పాస్‌వర్డ్ ఏ ఛానల్‌లోనూ రాయొద్దు. నీ గుంపులో చిన్న పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పు. ఎవరన్నా వేధిస్తుంటే జావా ఎడిషన్‌లో (కంప్యూటర్‌లో ఆడే ఒక రకం మైన్‌క్రాఫ్ట్) పీ కీ నొక్కు. ఆ సర్వర్‌లో ఉన్నవాళ్ల పేర్లు వస్తాయి, అక్కడే వాళ్ల మెసేజ్‌లు నీకు కనపడకుండా దాచేయొచ్చు. 2022లో వచ్చిన 1.19.1 వెర్షన్ నుంచి అక్కడి నుంచే రిపోర్ట్ కూడా చేయొచ్చు. స్క్రీన్‌షాట్ తీసి మోడరేటర్‌కి పంపడం మాత్రం మర్చిపోకు, మాలాంటివాళ్లకు అదే ఆధారం.

భాష సంగతి కూడా అడిగావు. జావా ఎడిషన్‌లో తెలుగు లిపిలో టైప్ చేస్తే గుణింతాలు, వత్తులు విడిపోయి కనిపిస్తాయి, చదవడం కష్టం. అందుకే అందరూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొడతారు. గ్లోబల్‌లో ఇంగ్లిష్ మాత్రమే అనే రూల్ ఉంటే పాటించు, తెలుగు మాటలు మీ పార్టీలో పెట్టుకోండి. వచ్చీరాని ఇంగ్లిష్ అని మాత్రం ఆగిపోకు. మా మంచిర్యాల పిల్లలు కొందరు ఆ భయంతోనే అడక్కుండా లాగౌట్ అయిపోయేవాళ్లు. సర్వర్ ఓనర్‌ని అడిగి తెలుగు ఛానల్ ఒకటి పెట్టించాక వాళ్లే ఇప్పుడు కొత్తవాళ్లకు జవాబులు చెప్తున్నారు. మీ సర్వర్‌లో మనవాళ్లు చాలామంది ఉంటే నువ్వూ అడిగి చూడు.

మ్యూట్ గురించి: వేరే అకౌంట్‌తో వచ్చి వాదించకు, అలా చేస్తే మ్యూట్ కాస్తా బ్యాన్ అవుతుంది. సర్వర్ వాళ్ల డిస్కార్డ్‌లో (గేమర్లు వాడే చాట్ యాప్) టికెట్ ఛానల్, అంటే స్టాఫ్‌కి సమస్య రాసుకునే చోటు ఉంటే అక్కడ నీ ప్లేయర్ పేరు, ఏ రోజు ఏ టైమ్‌కి జరిగిందో, "కొత్తవాణ్ణి, ముక్కలుముక్కలుగా పంపాను, ఇకపై ఒకే మెసేజ్‌లో అడుగుతాను" అని రాయి. చాలా మ్యూట్‌లకు టైమ్ లిమిట్ ఉంటుంది, దానంతట అదే పోవచ్చు కూడా. వారం దాటినా పోకపోతే ఇక్కడే కామెంట్ పెట్టు, టికెట్ ఎలా రాయాలో నేను సాయం చేస్తాను.